వయసు గడి

ఊపిరి తీసుకుంటున్నారా?
ఇదే నా మొదటి ప్రశ్న. ఇరవై ఏడేళ్లుగా ఇదే.
రెండోది చిరునామా.
వయసు మూడోది.
దానికి తెర మీద చిన్న గడి ఉంటుంది,
రెండంకెలు పట్టేంత.

నేను ఉద్యోగంలో చేరిన ఏడాది
డండీలో మూతపడ్డ జనపనార మిల్లులు కొన్ని ఇంకా నిలబడే ఉన్నాయి.
టే నది మీంచి మంచు లేచి వచ్చి
వాటి పగిలిన అద్దాల్లోంచి దూరి, అటు పక్క బయటికి పోయేది.
అప్పుడు ఆ గడిలో
పంతొమ్మిది. ఇరవై నాలుగు. ఇరవై రెండు.
నూరేళ్లూ నిండటానికి
ఆ ఊళ్లో ఇరవై రెండు చాలేవి.
ఫోన్ చేసేది తల్లి.
బాత్రూం తలుపు బాదుతూ, వాణ్ణి పేరు పెట్టి పిలుస్తూ,
నాకు జవాబు చెబుతూ,
మూడింటికీ ఒకటే గొంతు.

మా ఆఫీసులో లెక్కలు చూసే ఫింగల్
ప్రతి జనవరిలో ఒక కాగితం తెచ్చి కెటిల్ పైన గోడకి అంటిస్తాడు.
అడుగున వయసులు, పక్కన కాల్స్,
మధ్యలో హెరాయిన్ గుట్ట.
మొదట్లో ఎడమ చివర కూచుని ఉండేది.
మరుసటేడు కాస్త జరిగింది. ఆ తర్వాత ఇంకాస్త.
"గుట్ట నడుస్తోంది, మోర్వెన్" అన్నాడొకసారి
టీలో బిస్కట్ ముంచి, తీయడం మర్చిపోయి.

గుట్టలు నడవవు.
వాళ్లే వీళ్లు.
అదే పుట్టిన సంవత్సరం, అదే మెట్లు, మూడో అంతస్తు, ఎడమ తలుపు.
మావాళ్లు లేపి కూర్చోబెడితే
లేచి, తిట్టి, ఒక పుట్టినరోజు దాకా నడిచి
మళ్లీ పడ్డారు.
ఒకేడు గుట్ట ఎత్తు తగ్గింది.
పైనుంచి అభినందనల ఉత్తరం వచ్చింది.
ఫింగల్ దాన్ని గోడకి అంటించలేదు.
తగ్గినవాళ్లు ఎటు తగ్గారో
అతనికి తెలుసు.

ఇప్పుడు గడిలో యాభై మూడు, అరవై ఒకటి.
మోకాళ్లు అరిగినవాళ్లు, ఊపిరితిత్తులు చిల్లులు పడ్డవాళ్లు,
తల్లులు పోయినవాళ్లు.
తలుపు కొట్టేవాళ్లే లేరు.
పొద్దున మీటరు చూడ్డానికి వచ్చినవాడు ఫోన్ చేస్తాడు.
డెబ్బై నాలుగేళ్ల కూట్స్ గారి సంగతి వేరే:
తుంటి ఆపరేషన్, నొప్పి పట్టీ.
పాతది తీయడం మరిచి కొత్తది అంటించుకుంది.
ఆమెను ఆ గుట్టలో కలపొద్దని
వాళ్లమ్మాయి నన్నే బతిమాలింది.

మొన్న మంగళవారం రాత్రి, ఒక పిల్లాడు.
"తాత నీలంగా ఉన్నాడు."
పేరు స్ట్రూయన్.
ముక్కులో కొట్టే మందు ఎక్కడుందో వాడికి తెలుసు.
కార్న్‌ఫ్లేక్స్ డబ్బా వెనకాల.
తల వెనక్కి వంచమన్నాను, వంచాడు. నొక్కమన్నాను, నొక్కాడు.
తాతకెన్నేళ్లు నాన్నా?
"చాలా ముసలాడు. యాభై ఒకటి."
నాకూ అంతే. రాసుకున్నాను.
మూడో అంతస్తు, ఎడమ తలుపు.
ఆ తలుపు వెనక ఎవరినైనా ఇంతకుముందు లేపామేమో.
తల్లి ఆ రోజు పిలిచిన పేరు గుర్తు తెచ్చుకోబోయి
మానేశాను.

తాత ఊపిరి తీసినప్పుడల్లా
'ఇప్పుడు' అని చెప్పమన్నాను.
"ఇప్పుడు."
గోడ గడియారంలో సెకన్ల ముల్లు
సగం తిరిగింది.
లైన్లో టీవీ శబ్దం, ఎక్కడో సముద్రపు కాకి అరుపు.
"...ఇప్పుడు."
మళ్లీ ఏమీ లేదు.
"ఇప్పుడు. ఇప్పుడు."
సైరన్ వినపడింది, ముందు వాడికి, తర్వాత నాకు.
"నేను పెట్టేయనా? రేపు స్పెల్లింగ్ పరీక్షుంది."

ఫారం మూసేముందు పైనుంచి కిందికి చూశాను.
ఎనిమిది అని రాయాలనిపించింది.
ఫోన్ చేసినవాళ్ల వయసుకి
గడి లేదు.